లేదని చెప్పే మనిషి

పోయిన వారం నాకొక రబ్బరు రింగు కావలసి వచ్చింది. మా కొట్టులో పాత స్ప్రేయరు ఒకటుంది. దాన్ని తయారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. రింగు దొరికితే ఇంకో అయిదేళ్ళు పనిచేస్తుందని రిపేరు చేసేవాడు చెప్పాడు. కొత్తది కొనడమనేది మా వంశంలో ఆఖరి ప్రయత్నం. అందుకని కంప్యూటరు ముందు కూర్చుని స్ప్రేయరు పేరు, మోడలు నంబరు, రింగు అని మూడు మాటలూ కొట్టి వెతకమన్నాను. ముందు కొత్త స్ప్రేయర్లు అమ్మేవాళ్ళు వచ్చారు. వాళ్ళ కింద పాత స్ప్రేయర్లు కొనేవాళ్ళు. ఆ కింద పెళ్ళి ఉంగరాలు. నాకు నంబరు ముఖ్యమయ్యా అని దాన్ని ఇంకోసారి కొడితే, హైదరాబాదులో ఆ నంబరు ఫ్లాటు అమ్మకానికుందని చూపించింది. అరగంట గడిచాక, "లేదని చెప్పొచ్చు కదా తల్లీ!" అని పైకే అనేశాను.

కౌంటరు దగ్గర నిలబడ్డ రైతు ఉలిక్కిపడి, "ఏం లేదండీ?" అన్నాడు.

ఆ మాట నాది కాదు. ఆ విసుగూ నాది కాదు. రెండూ ఒకావిడ దగ్గర నాకు అంటుకున్నవి.

ఆవిడ పేరు తెలుసు గానీ ఎప్పుడూ వాడలేదు. భీమవరంలో మేమంతా ఎంక్వైరీ గారు అనేవాళ్ళం. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళ పాటు, నంబరు తెలియనివాళ్ళకి డైరెక్టరీ తిరగేసి నంబరు చెప్పే సీట్లో కూర్చున్న మనిషి. ఆ సీటుకి పని తగ్గిపోయాక ముందే రిటైరైపోయి, బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటరులో మొదటి కంప్యూటరు దగ్గర తేలారు. వరి చేలు ఒకదాని వెంట ఒకటి రొయ్యల చెరువులైపోతున్న కాలం అది. రైతుకి ప్రతి కబురూ కావాలి. జపానులో ధరెంత, సీడులో, అంటే తెచ్చి వేసే రొయ్యపిల్లల్లో, రోగముందా, తుఫాను ఎటు పోతోంది. ఆ కబుర్లన్నీ ఇంగ్లీషులో ఉండేవి. మౌసు చేతికిస్తే నిజంగా ఎలకనే పట్టుకున్నట్టు పట్టుకునేవారు మా రైతులు. వాళ్ళ కోసం ఈవిడ వెతికిపెట్టేవారు. ప్రశ్నకి అయిదు రూపాయలు.

పొట్టి మనిషి. నేత చీర, తాడు కట్టిన కళ్ళజోడు. ముప్పై ఏళ్ళు హెడ్‌ఫోను కూర్చున్న చోట జుట్టు అణిగిపోయి, పాపిడికి అడ్డంగా ఇంకో పాపిడి ఉండేది. కీబోర్డుని వేళ్ళతో ముట్టుకునేవారు కాదు. ఎక్స్ఛేంజిలో డయలు తిప్పిన అలవాటు కొద్దీ పెన్సిలు తలకిందులుగా పట్టుకుని, రబ్బరున్న కొసతో ఒక్కో అక్షరాన్నీ పొడిచేవారు. పేజీ రావడం ఆలస్యమైతే ఎడమ అరచెయ్యి దానంతటదే చెవి మీదికి పోయేది. "లైన్లో ఉండండి" అనేవారు. పక్కన కూర్చున్న రైతు కూడా ఊపిరి బిగబట్టి లైన్లో ఉండేవాడు.

ప్రశ్న వినడంలోనే ఆవిడ పనంతా ఉండేది.

"మూడు రోజుల్నుంచి మా రొయ్య మేత ముట్టట్లేదండి. మా బావమరిదేమో నీళ్ళు మార్చమంటాడు..."

"ముందు బావమరిదిని తీసేద్దామండీ."

"తీసేయండి, పీడా పోతుంది."

"నీళ్ళు కూడా ఆయనవే కదండీ, అవీ తీసేద్దాం. ఏం మిగిలింది? రొయ్య, మేత, మానడం. చాలు."

ఒకసారి నాకూ ఆ కిటుకు చెప్పారు. "మనకి తోచిన మాట కాదండీ కొట్టాల్సింది. జవాబు తెలిసినవాడు ఏ మాటతో రాసుంటాడో, ఆ మాట కొట్టాలి." ఈ ఒక్క ముక్క చెప్పి వేలకి వేలు ఫీజు తీసుకునే కోచింగ్ సెంటర్లు తరవాత చాలా చూశాను.

నాకు రొయ్యల మందుల కొట్టు. చెరువులో వేసే సున్నం దగ్గర్నుంచి డబ్బా మందుల దాకా అమ్ముతాను. గుజరాతు నుంచి వచ్చే ఒక సరుకు అక్కడ అసలు ఏం ధరో తెలిస్తే హోల్‌సేలు వాడి పీక పట్టుకోవచ్చని మొదటిసారి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నలభై నిమిషాలు పొడిచి, "లేదండీ" అన్నారు.

"అయితే డబ్బుల్లేవన్నమాట" అని లేచాను.

"ఎందుకుండవండీ?"

"లేనిదానికి అయిదు రూపాయలేంటండీ ఎంక్వైరీ గారూ! ఖాళీ గోనెసంచి తూచి డబ్బులడిగినట్టుంది."

"ఉన్నదైతే ఒకచోట దొరుకుతుందండీ, అక్కడితో ఆపేస్తాం. లేదని చెప్పాలంటే అన్ని చోట్లా చూడాలి. మీ దగ్గర తక్కువే తీసుకుంటున్నాను."

"మూడు చేసుకోండి."

"ఏడివ్వండి."

బేరమాడితే రేటు పెరగడం నా జన్మలో అదే మొదలు. అయిదు చేతిలో పెట్టి బయటపడ్డాను. అప్పట్నుంచి ఆవిడ నన్ను 'మందుల గారూ' అని పిలవడం మొదలుపెట్టారు. ఎదురుపడితే చాలు, "ఇంకా రెండు బాకీ ఉన్నారు కదా మందుల గారూ?" అనేవారు.

ఆ రోజుల్లో అడిగింది దొరక్కపోతే తెర మీద ఒకే ఒక్క వాక్యం వచ్చేది, ఇలాంటిదేదీ లేదని. మిగతా అంతా తెల్లగా ఉండేది. నాకు అది చూస్తే డబ్బులు పోయాయనిపించేది. ఆవిడకి మాత్రం ముఖం విప్పారేది. మానిటరు రైతు వైపు తిప్పి, "చూడండి, ఎంత శుభ్రంగా చెప్పాడో!" అనేవారు.

ఆ ముచ్చట నాకు అర్థమయ్యేది కాదు. నేను పుట్టిన ఇంట్లో 'లేదు' అన్నది బూతుమాట. డబ్బాలో బియ్యం అయిపోతే మా అమ్మ నిండుకున్నాయనేది. నరసాపురంలో మా నాన్నది బట్టల కొట్టు. మామిడిపిందెల అంచున్న చిలకాకుపచ్చ చీర కావాలని ఎవరైనా వస్తే, అలాంటిది కొట్టు మొత్తం మీద లేకపోయినా, "ఉందమ్మా, కూర్చోండి" అనేవాడు. సోడా తెప్పించేవాడు. ఒకదాని మీద ఒకటి పన్నెండు చీరలు పరిచేవాడు. గంట తరవాత ఆవిడ వంకాయరంగు చీర కొనుక్కుని, మా నాన్నని దీవించి వెళ్ళేది. పదేళ్ళ వయసులో నేను ఒకావిడతో పొరపాటున "లేదండీ" అన్నందుకు ఆ పూట నాకు అన్నం లేదు. సారీ, నిండుకుంది.

ఆవిడ చెప్పే 'లేదు' విలువేంటో ఒకరోజు నా కళ్ళారా చూశాను. మొగల్తూరు వైపు నుంచి ఒక రైతు వచ్చాడు, మా కొట్టుకి వాడుకగా వచ్చే మనిషే. మూడెకరాల చెరువు కౌలుకి తీసుకుని మొదటి పంట వేశాడు. ప్లాస్టిక్ కవరులో నీళ్ళు పోసి ఒక రొయ్యని తెచ్చాడు. దాని తల చిప్ప మీద సున్నం చిలకరించినట్టు తెల్లటి చుక్కలు.

"దీనికి మందేదో చూడండమ్మా" అన్నాడు.

ఆవిడ గంటసేపు పొడిచారు. నేను వెనక కుర్చీలో నా వంతు కోసం కూర్చున్నాను.

"మందు లేదండీ."

"అంటే మన దగ్గర లేదాండీ?"

"ఎక్కడా లేదండీ. అయిదు దేశాలవాళ్ళు రాశారు. అయిదుగురూ లేదనే రాశారు. మచ్చ కనబడిన రోజే వలలు దింపి చెరువు పట్టేయమంటున్నారు."

"ఇంకో నలభై రోజులైతే గానీ సైజు రాదండీ!"

"నాలుగు రోజులు కూడా ఆగదండీ అది."

రైతు వెనక్కి తిరిగి నా ముఖం చూశాడు. మా కొట్టులో అలాంటి సమయానికి పనికొచ్చే డబ్బా ఒకటుంది. ఏ రోగానికీ అని దాని మీద రాసి ఉండదు, అందుకని అన్ని రోగాలకీ అమ్మొచ్చు. దాని పేరు నా నాలిక చివర ఉంది. ఆవిడ కళ్ళజోడు మీంచి నన్ను చూశారు. నోరు మూసుకున్నాను. మంచితనం కాదు, ఆ చూపుకి జడిసి.

అతను మర్నాడే చెరువు పట్టేశాడు. చిన్న రొయ్య, చిన్న ధర. కానీ మళ్ళీ సీడు వేసుకునేందుకు సరిపడా మిగిలింది. పక్కన ఆగి చూసిన చెరువుల మీద వారం తిరక్కుండా కాకులు వాలాయి. ఆ రైతు ఎంక్వైరీ గారికి ఒక చక్కెరకేళి గెల తెచ్చి ఇచ్చాడు. నెట్ సెంటరులో అందరికీ పంచితే నాకు రెండు వచ్చాయి. ఒక డబ్బా బేరం పోయినందుకు నష్టపరిహారమని నవ్వుకుంటూ తిన్నాను.

ఆవిడ విసుగు ఒక్కరోజులో వచ్చింది కాదు.

ముందు, జవాబుల నెత్తిన రంగు వేసిన వరసలు కనబడ్డాయి. "వీళ్ళెవరండీ, ముందొచ్చి కూర్చున్నారు?"

"డబ్బిచ్చి కూర్చున్నారండీ" అన్నాను. నాకు అలాంటివి చప్పున తెలుస్తాయి.

"ఎంక్వైరీలోనా?" అని ఆవిడ పెన్సిలు కింద పెట్టేశారు.

తరవాత ఆ కంప్యూటరు మాటలు మింగడం మొదలుపెట్టింది. "మూడు మాటలు అడిగితే రెండింటికే చెప్తున్నాడండీ. మూడోదాన్ని ఎక్కడ పారేశావని అడగడానికి మనిషి లేడు." ఆ తరవాత, మీరు అడగబోయింది ఇదేమో అని తనే ప్రశ్న మార్చేయడం. మామూలు ప్రశ్నకి పావుగంట పట్టేది గంట పట్టింది. రేటు మాత్రం ఆవిడ పెంచలేదు. కంప్యూటరు అద్దెకి కొన్నిసార్లు చేతి డబ్బులే పడేవి. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకోవడం ఎక్కువైంది. జవాబు లేనప్పుడు తెల్లటి తెర రావడం పూర్తిగా మానేసింది. ఏది కొట్టినా లక్షలకి లక్షలు ఉన్నాయనేది.

"నరసాపురంలో ఫలానా సుబ్బారావు నంబరు లేకపోతే లేదనే చెప్పేవాళ్ళమండీ మేము" అన్నారొకసారి. "పాలకొల్లులో ఇంకో సుబ్బారావున్నాడు, చాలా మంచాయన, కలపమంటారా అనేవాళ్ళం కాదు."

నవ్వొచ్చి, మా నాన్న పన్నెండు చీరల కథ చెప్పాను. వీడూ మా నాన్న దగ్గర పని నేర్చుకున్నట్టున్నాడండీ అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "వాళ్ళు అడిగిన చిలకాకుపచ్చ చీర సంగతేం చేసేవారండీ?"

"మర్చిపోయేవారండీ."

"అదేనండీ నా బాధ" అన్నారు. "వీడు జవాబు చెప్పకపోతే పోనీ. మనం ఏం అడిగామో కూడా మర్చిపోయేలా చేస్తున్నాడు."

ఇక్కడ నా ప్రతాపం గురించి చెప్పాలి. ఆ రోజుల్లోనే మెళ్ళో టై కట్టుకున్న ఒకతను వచ్చి, మీ కొట్టుకి నెట్‌లో పేజీ పెడతానన్నాడు. జనం ఏ మాటలు కొట్టి వెతుకుతారో ఆ మాటలన్నీ అందులో పేరుస్తాడట. అందులో తెల్లమచ్చ కూడా ఉంది, ఆ మొగల్తూరు రైతు రొయ్యకి వచ్చిన రోగం.

"దానికి మందు లేదు కదయ్యా" అన్నాను.

"ఉందని మనం ఎక్కడ రాస్తున్నామండీ? తెల్లమచ్చ అని ఒకచోట రాస్తాం. మందులు లభించును అని ఇంకోచోట రాస్తాం. రెండూ కలుపుకునేది చదివేవాడు."

మా నాన్న ఉండి ఉంటే అతన్ని దత్తత తీసుకునేవాడు. నేను అతను చెప్పిన రేటుని సగానికి దింపి, నవ్వుతున్న నా ఫోటో కూడా ఉచితంగా పెట్టించుకున్నాను. రెండు నెలల్లో మా వైపు ఎవరు ఆ రోగం పేరు కొట్టినా అందరికంటే పైన నేను నవ్వుతూ కనబడేవాణ్ణి. ఎంక్వైరీ గారికి మాత్రం చెప్పలేదు. చెప్పలేదంటేనే అది తప్పని నాకు తెలిసినట్టు కదా.

ఒకరోజు ఉదయం పదింటికి ఆవిడ మా కొట్టు మెట్లెక్కారు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. వెనక ఆ మొగల్తూరు రైతు. ఇప్పుడతను ఎనిమిదెకరాల కౌలుదారు. పుస్తెలు తప్ప భార్య ఒంటి మీది బంగారమంతా ఆ నీళ్ళలోనే ఉందని నాకు తెలుసు. చెరువులో మచ్చ కనబడిందట. అతని చేతిలో ప్రింటు తీసిన కాయితం. దాని మీద నేను నవ్వుతున్నాను.

కుర్చీ చూపిస్తే ఆవిడ కూర్చోలేదు. "ఒక ఎంక్వైరీ అండీ" అన్నారు. "తెల్లమచ్చకి మీ దగ్గర మందుందా?"

నేను మాట్లాడేలోపు రైతు అందుకున్నాడు. "రెండు గంటలు చూశారండీ ఆవిడ. ఎక్కడ చూసినా ఉందనే వస్తోంది. అయినా ఆవిడ పాత మాటే చెప్తున్నారు."

"ఇదివరకు లేదని రాసిన అయిదుగురూ ఎక్కడో అడుగున పడిపోయారండీ" అన్నారావిడ. గొంతు అలిసిపోయి ఉంది. "ఉన్నారు. నాకు తెలుసు. ఈయనకి చూపించలేకపోతున్నాను. మీరు చెప్పండి మందుల గారూ. ఉందా, లేదా?"

"చాలామంది వాడుతున్నారండీ" అన్నాను.

ఆ వాక్యం అబద్ధం కాదు. నిజం కూడా కాదు. మా నాన్న పరిచిన చీరల్లాంటిది. ఆవిడ అరచెయ్యి మెల్లగా చెవి మీదికి వెళ్ళింది. లైన్లో ఉన్నారు. ఇంకేమైనా అంటానేమోనని చూస్తున్నారు. నేను గుడ్డ తీసి డబ్బాల మీద దుమ్ము తుడిచాను. కౌంటరు ఒక చివర నుంచి ఇంకో చివర దాకా తుడిచాను.

ఆవిడ చెయ్యి దించి రైతు వైపు తిరిగారు. "లేదండీ. ఇవాళే పట్టేయండి."

"అమ్మా, మీరంటే నాకు గౌరవమండీ. ఆవేళ మీ మాట విని బతికాను" అన్నాడతను. "కానీ ఇంతమంది ఉందంటుంటే మీరొక్కరే లేదంటున్నారు. ఎనిమిదెకరాలండీ."

ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయారు. అతను ఆరు డబ్బాలు తీసుకున్నాడు. ధర దగ్గర బేరమాడాడు. ఓడిపోయినట్టు నటించి తగ్గించాను.

అయిదో రోజు నేనే వాళ్ళ చెరువుకి వెళ్ళాను. దూరం నుంచే వాసన. రొయ్యలు గట్టు వారన ఎర్రగా తేలి ఉన్నాయి. అతను గట్టు మీద కూర్చుని, నన్ను చూసి లేచి, తుండుగుడ్డ భుజం మీంచి తీసి నడుముకి చుట్టుకున్నాడు. "మీరు చేయాల్సింది మీరు చేశారండీ. నా ఖర్మ" అన్నాడు. నాలుగు తిట్టి ఉంటే ఎంత తేలిగ్గా ఉండేదో. ఆ ఏడే కౌలు వదిలేసి, వేరేవాళ్ళ చెరువుకి కాపలాకి కుదిరాడు.

ఎంక్వైరీ గారు నెట్ సెంటరుకి రావడం మానేశారు. నెల తరవాత బస్టాండులో కనబడ్డారు. చేతిలో సంచి, పిఠాపురంలో చెల్లెలి దగ్గరికి వెళ్తున్నారు. మళ్ళీ ఎప్పుడొస్తారంటే, చూడాలండీ అన్నారు. బస్సు కదలడానికి ఇంకా టైముంది. నేను ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేక, బేరం మొదలుపెట్టాను.

"నేను లేదని చెప్పినా ఆయన ఇంకో కొట్టుకి వెళ్ళేవాడేనండీ."

ఆవిడ కాసేపు ఆలోచించారు. కోపం లేదు, అసలు విషయం తేల్చుకోవాలన్నట్టు ఆలోచించారు.

"వెళ్ళేవాడేమోనండీ" అన్నారు. "కానీ ఇద్దరం చెప్పినట్టయ్యేది."

సంచి తీసుకుని బస్సెక్కారు. రెండేళ్ళ తరవాత ఆవిడ పోయారని నెట్ సెంటరు యజమాని చెప్పాడు. అప్పటికి ఆ సెంటరులో ఫోన్లు రీఛార్జి చేస్తున్నారు.

ఆ కబురు విన్న వారమే టై అతన్ని పిలిపించి పేజీ మార్పించాను. అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో: తెల్లమచ్చకు మందు లేదు. కనబడిన రోజే పట్టేయండి. ఏ కొట్టులోనూ ఏమీ కొనకండి, మా కొట్టులో కూడా. "ఇలా రాస్తే మీ పేజీ నిలబడదండీ" అన్నాడతను. అతను చెప్పింది చెప్పినట్టే జరిగింది. ఒక్కో నెలా ఒక్కో మెట్టు దిగి, నా పేజీ ఎక్కడికి పోయిందో నాకే దొరకడం మానేసింది. నేనేదో మారిపోయానని అనుకోకండి. డబ్బాలు ఇంకా అమ్ముతున్నాను. ఆ ఒక్క రోగానికి అమ్మను, అంతే.

మొన్న మధ్యాహ్నం కొట్టు ఫోను మోగింది. కృష్ణా జిల్లా నుంచట. గొంతు కుర్రగా ఉంది.

"మీ పేజీ చూశానండీ. చాలా కింద ఉంది. నిజంగానే మందు లేదంటారా?"

"లేదండీ."

"పైన ఇరవై మంది ఉందని రాశారండీ."

"వాళ్ళు అమ్మేవాళ్ళండీ."

"మీరూ అమ్మేవాళ్ళే కదండీ?"

"అవునండీ. అమ్మేవాణ్ణే చెప్తున్నాను. ఎన్ని రోజుల పంట?"

"డెబ్బయ్యండీ. ఇంకో నెల ఆగితే మంచి సైజు వస్తుందని..."

"ఆగకండి. వలలవాళ్ళకి ఇప్పుడే కబురు పెట్టండి."

చెరువు గట్టు మీంచే మాట్లాడుతున్నట్టున్నాడు, ఏరియేటర్లు నీళ్ళు చిలుకుతున్న చప్పుడు వినబడుతోంది.

"సరేనండీ" అన్నాడు. "ఇంకో రెండు చోట్ల కనుక్కుని చేస్తాను."

కొట్టు మీద కూర్చున్నవాడెవడికైనా ఆ మాటకి అర్థం తెలుసు. "ఏవండీ, ఒక్క నిమిషం, ఏ ఊరండీ మీది?" అన్నాను.

అప్పటికే పెట్టేశాడు.